బేరమాడని దుప్పటి

గొర్రెల బేరగాడు గురవయ్య తనంతట తానే దుప్పటి కొంటానన్నాడంటే ఆళ్లగడ్డలో ఒక్కరూ నమ్మరు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా కొసరు కోసం ఎండలో నిలబడి వాదించే మనిషి ఆయన. అలాంటి మనిషి నంద్యాల ఆసుపత్రి మెట్లు దిగుతూనే పెళ్లాంతో, "పా మే, మంచి పక్కదుప్పటి కొందాం. పాత దానికి ఒళ్లు ఒరుసుకుంటాందంటివి గదా" అన్నాడు.

గోవిందమ్మకు సంతోషం కలగాలి. కలగలేదు. కడుపునొప్పని వచ్చిన ఆమెను డాక్టరు బయట కూర్చోబెట్టి మొగుడితో మాత్రమే మాట్లాడాడు. ఏం చెప్పాడని అడిగితే, "ఏముండాది, గ్యాసంట" అని గురవయ్య చెప్పులు వెతుక్కోవడంలో పడ్డాడు.

దుప్పట్ల విషయంలో గోవిందమ్మను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. ఆసుపత్రి ఎదుటి బట్టల అంగడి జకరయ్య మెరిసే పూల దుప్పటి పరిస్తే, వేళ్ల మధ్య నలిపి, "గంజి రాల్తాంది. రెండు ఉతుకులకు వల అయితాది" అని తోసేసింది. ఇంకోదాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. నేత పలచన. చివరికి లేత నీలం గళ్ల దుప్పటి నచ్చింది. నీటి చుక్క వేస్తే జారిపోకుండా గుడ్డలోకి ఇంకింది. చెంపకు ఆనించుకుంటే మెత్తగా, చల్లగా ఉంది. జకరయ్య అంచు నుంచి పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు. పోగు ఉండ కట్టకుండా కాలి, గాజుబల్ల మీద బూడిదై రాలింది.

"అచ్చం నూలక్కా. దీని మీద పండుకుంటే ఇంక లేయబుద్ధి కాదు" అన్నాడు జకరయ్య, అందరికీ చెప్పే మాటే. అప్పుడే ఆయన చూపు గోవిందమ్మ చంకలోని పెద్ద స్కానింగు కవరు మీద పడింది. గబుక్కున బూడిద తుడిచేసి, తల వంచుకుని ధర చెప్పాడు.

గోవిందమ్మ పక్కకు జరిగి నిలబడింది. ఇక యుద్ధం మొదలవుతుంది. గురవయ్య ముందు నవ్వుతాడు, తర్వాత అలుగుతాడు, మెట్లు దిగిపోయి మళ్లీ వస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు తల కొట్టేసినట్టుండే తంతు అది. ఈసారి గురవయ్య జేబులో చెయ్యి పెట్టి అడిగినంతా ఇచ్చేశాడు.

పోనీలే, ముసలితనంలో బుద్ధొచ్చిందనుకుంది. బయటికొచ్చి ఆటో పిలిస్తే, అదే గురవయ్య బస్టాండు దాకా చిల్లర తగ్గించమని ఆటో అతనితో గొంతు చించుకున్నాడు. నోరు ఎప్పటిలాగే ఉంది. దుప్పటి దగ్గర మాత్రమే పెగల్లేదు.

ఆయన బేరమాడకుండా గుడ్డ కొనడం ఆమె ఇదివరకు ఒక్కసారే చూసింది. అత్త పోయిన రోజు. శవం మీద కప్పే కొత్తగుడ్డకు మరిది ధర తగ్గించమని అడిగితే, "నోర్ముయ్‌రా, పీనుగ్గుడ్డకు బేరమాడగూడదు" అని గురవయ్య చెయ్యెత్తాడు.

బస్సు శిరివెళ్ల దాటాక ఇక పట్టలేక అడిగింది. "నిజం చెప్పు. నాకేమయింది?"

"గ్యాసంటే ఇనవే."

"మరి దుప్పటికి ఎందుకు బేరమాడలేదు? మీ యమ్మ గుడ్డకు గూడా ఆడలేదు నువ్వు."

గురవయ్యకూ ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. ఒళ్లోని సంచి వైపు చూసి తెల్లబోయాడు. "కావాలని కాదు మే. నోరు రాలేదు."

గోవిందమ్మకు భయమేసింది. ఆమెకు బతకాలని ఉంది. ఈ పిసినారి మొగుడితో ఇంకా ఎన్నో ఏళ్లు కొట్లాడుతూ బతకాలని ఉంది. "అయితే ఇప్పుడు బేరమాడు" అంది.

సంచి మీద జకరయ్య పేరు, అంగడి నంబరు ఉన్నాయి. గురవయ్య ఫోను తీసి నొక్కి, బస్సు రొదలో వినపడదని స్పీకరు పెట్టాడు. "జకరయ్యా, ఇందాక దుప్పటి కొన్నోణ్ణి. ధర శానా ఎక్కువ చెప్పినావు. సగం దుడ్లు ఎనక్కియ్యి."

సగమంటే ఏ వ్యాపారి అయినా తిట్టాలి. తిడితే బాగుండు.

"అట్లనే అన్నా" అన్నాడు జకరయ్య మెల్లగా. "నువ్వెంతంటే అంత."

"అట్ల ఒప్పుకోగూడదప్పా. గిట్టదని అను. పొమ్మని అను."

"అసలు దుడ్లే ఒద్దులే అన్నా. అన్నీ ఎనక్కి పంపిస్తా. అక్కను బాగ చూసుకో."

"బేరమాడప్పా, నీకు దండం పెడతా" అన్నాడు గురవయ్య. ఆయన గొంతుకు బస్సులో వాళ్లంతా తిరిగి చూశారు.

గోవిందమ్మ ఫోను తీసుకుని ఆపేసింది. "ఎన్నాళ్లన్నాడు డాక్టరు?" అని అడిగింది.

బస్సులో ఉన్నంతసేపూ గురవయ్య చెప్పలేకపోయాడు. ఆళ్లగడ్డలో దిగాక చెప్పాడు.