రెండు వందల ఒకటో పేరు

రేణుకను మా ఆఫీసు గేటు దగ్గర ఆపడం అది రెండో రోజు. లోపలికి పంపాల్సినవాళ్ళ లిస్టులో ఆమె పేరు లేదు.

"నేనేం జెయ్యాలె బిడ్డా? కంప్యూటర్ల పేరొస్తెనే పంపుమన్నరు," అన్నాడు సెక్యూరిటీ కొమురయ్య. "రేపు గూడ రాకపోతే నీ జాగల ఇంకొకల్ని పెడ్తరంట."

హౌస్‌కీపింగ్‌లో చేరి వారం కాలేదు, పాపం, కళ్ళు తుడుచుకుంది. ఆ లిస్టు తీసే జావా ప్రోగ్రాం మా టీమ్‌దే. టెస్ట్ చేసి, బాగుందని సంతకం పెట్టింది నేనే. నాకు తల కొట్టేసినట్టయింది.

"యాభై పేర్లు, వంద, రెండు వందలు, అన్నిటితో చూశాం కదండీ ఉదయశ్రీ గారూ! పేర్లు ఎక్కించేవాళ్ళే టైప్ చేసుండరు, వదిలేయండి," అన్నాడు ప్రోగ్రాం రాసిన ఉదయ్ భాస్కర్.

వదిలేస్తే నేను ఉదయశ్రీనే కాదు. పేర్లు టైప్ చేసిన ఫైలు తెరిచాను. చిట్టచివర, రెండు వందల పన్నెండో పేరు రేణుక. ప్రోగ్రాం తీసిన లిస్టులో రెండు వందలే ఉన్నాయి. ఓరి నాయనో! మేం పరీక్షించినవన్నీ రౌండ్ ఫిగర్లే!

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టీ వద్దన్నాను, భోజనం వద్దన్నాను. యాభై ఒక్క పేర్లు ఇచ్చాను. యాభై వచ్చాయి. తొంభై తొమ్మిది ఇచ్చినా యాభయ్యే.

"భాస్కర్ గారూ, ఇలా రండి!" నా గొంతు విని పరిగెత్తుకొచ్చాడు.

అక్షరాలను ఒక్కొక్కటే డిస్కుకు పంపితే ఆలస్యమని ప్రోగ్రాం వాటిని బఫర్ అనే తాత్కాలిక మెమరీలో పోగు చేసుకుంటుంది. పేజీకి యాభై పేర్లు నిండగానే డిస్కు మీదికి తోస్తుంది. చివరి పేజీ నిండకపోతే తోసే లైను లేదు, ఫైలు మూసే లైనూ రాయలేదు ఈ మహానుభావుడు. ఆ పేర్లు బఫర్‌లోనే ఉండిపోయి ప్రోగ్రాంతోపాటే పోతున్నాయి.

"ఒక్క లైనేనండీ," అని గొణిగాడు.

"ఆ ఒక్క లైను లేకే ఆవిడ ఉద్యోగం పోతోంది. రాయండి!"

రాశాడు. ఒకటి నుంచి రెండు వందల పన్నెండు దాకా, ఒక్క సంఖ్య వదలకుండా పరీక్షించాను.

మర్నాడు పొద్దున లిస్టు నేనే గేటుకు తీసుకెళ్ళాను. కొమురయ్య వేలు పెట్టి చదివాడు.

"ఉన్నది! రేణుక!" అని ఆగాడు. "మరి పైన గీ పదకొండు మందో? మొదటి దినం లేదనంగనే ఇంటికి పోయిండ్రు గదమ్మా. మళ్ల రాలే."

పన్నెండు పేర్లు పోయాయని తెలిసీ నేను ఒక్క రేణుకనే తలుచుకున్నాను. సిగ్గేసింది.

"అందరం ఒక్కపారే చేరినం మేడం, వాళ్ల ఇండ్లు నాకెరుకే," అంది రేణుక. "కొండాపూర్ దాంక పోయొస్త. జర పేర్లు చదువుండ్రి."

"ముందు లోపలికెళ్ళి హాజరు పుస్తకంలో సంతకం పెట్టు. ఇద్దరం వెళ్దాం."

ఆమె సంతకం పెట్టి వచ్చింది. నేను చదవడం మొదలుపెట్టాను.

"రెండు వందల ఒకటి, సత్తెమ్మ."