గులాబీ రంగు గొడుగు

భీమిలి ఒడ్డున స్టూలు వేసుకుని హైమ సముద్రం బొమ్మ వేస్తోంది, నేను వెనకాల నిలబడి గొడుగు పడుతున్నాను, కాళ్ళ కింద ఇసుక ఉన్నట్టే ఉంది గానీ వంగి చూస్తే అది మా హాలు నేల, అలలు వచ్చి మంచం కోళ్ళు తడిపి వెళ్ళిపోతున్నాయి, అదేమీ మా ఇద్దరికీ వింతగా లేదు. హైమ పోయి ఏడాదైందని నాకు తెలుసు. ఆ సంగతి ఎత్తితే బొమ్మ మధ్యలో వదిలేసి లేచిపోతుందేమోనని ఊరుకుంటున్నాను.

"చెయ్యి దించేస్తున్నారు" అంటుంది, వెనక్కి తిరక్కుండానే.

"లాగేస్తోందే. ముప్ఫయ్యేళ్ళ నుంచి పడుతున్నాను."

"ఇంకొంచెం సేపండీ. ఈ వెలుగు మళ్ళీ దొరకదు."

ఆ ఇంకొంచెం ఎంతసేపో నాకు తెలియనిదా? పెళ్ళయిన కొత్తలో బీచిలో జనం నన్ను చూసి, రాణీగారికి గొడుగు పట్టే బంట్రోతని నవ్వుకునేవారు, ఇప్పుడు ఒడ్డంతా ఖాళీ, నవ్వేవాళ్ళు కూడా లేరు, నాకేమో ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టుంది. తను పోయాక నిద్రపోయినా అలసట తీరడం లేదు.

"హైమా, రత్నమాల పొద్దున్న రంగులు పట్టుకుని వస్తుంది. నీ చివరి బొమ్మలో సముద్రం దిద్దుతానంటే సరే అనేశాను."

రత్నమాల తన దగ్గరే బొమ్మలు నేర్చుకుంది, గురువు మీద ప్రేమతోనే అడిగింది. ఆ బొమ్మ ఒడ్డున వేసి ఇంటికి తెచ్చి చూస్తే సముద్రం గోంగూర పచ్చడిలా ఉంది, నురగ కూడా పచ్చగానే ఉంది. "నా కళ్ళు పోయాయండీ" అని హైమ దాన్ని గోడవైపు తిప్పేసింది. మళ్ళీ కుంచె ముట్టలేదు, ఆ బెంగతోనే పోయింది.

"ఎందుకన్నారు సరే అని?"

"కాదనే ఓపిక లేదే."

తను కోప్పడదు. "ఇటు చూడండి, కుదిరిందా?" అంటుంది. వంగి చూస్తే అదే బొమ్మ, కానీ సముద్రం ఎదురుగా ఉన్న సముద్రంలాగే నీలంగా ఉంది, కుదిరిందే అని నేను అనబోయేలోగా గాలికి గొడుగు పక్కకి ఒరిగిపోతుంది, ఎండ పడ్డంత మేరా బొమ్మ గోంగూరైపోతుంది.

"దించకండి అంటే వినరేంటండీ!" అంటూ తను నావైపు తిరుగుతుంది, ముఖం ఇంకా పూర్తిగా కనిపించనే లేదు.

మెలకువ వచ్చింది. బాగా తెల్లారిపోయింది. నిన్నటి వానకు తడిసిన గొడుగు రాత్రే కిటికీ దగ్గర విప్పి ఆరబెట్టాను. బట్టల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన గులాబీ రంగు గొడుగు అది. ఎప్పుడూ పట్టే నల్ల గొడుగు ఆ చివరి బొమ్మ వేసిన రోజు గాలికి విరిగిపోతే, సంచిలోంచి తీసి నేను తన నెత్తిన పట్టింది దీన్నే. ఇప్పుడు ఎండ దానిలోంచి దూరి, రత్నమాల కోసం బయట పెట్టిన బొమ్మ మీద పడుతోంది.

ఆ వెలుగులో సముద్రం నీలంగా ఉంది. నురగ తెల్లగా ఉంది. ఈ వెలుగులోనే తను ఆ రోజు రంగులు కలుపుకుంది. తన కళ్ళకేమీ కాలేదు. ఆ ఒక్క మాట తనకు చెప్పే దారి లేక నాకు ఏడుపొచ్చింది.

ఎండ పక్కకు జరిగిపోతోంది. రత్నమాల వచ్చి చూసేదాకా ఈ సముద్రం ఇలాగే ఉండాలి. లేచి, గొడుగు బొమ్మ మీదికి పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి అప్పుడే లాగుతోంది.