సముద్రం తీసుకున్న ఇంటికి ఉత్తరాలు

డబ్బాల్లో అన్నం సర్దుతుంటే వెనకనుంచి మరిది చంద్రరావు అన్నాడు. "వదినా, బడికి వెళ్తూ పోస్టాఫీసు దగ్గర ఆగుదాం. మీ ఉత్తరాలన్నీ ఇక మా ఇంటికే వచ్చేట్టు దరఖాస్తు రాసి ఉంచాను. మీరు సంతకం పెడితే చాలు. ముఖ్యమైనవేవో నేను విప్పి చూసి చెప్తాను."

రామతులసి మూత బిగించింది. పిల్లల డబ్బాలు, మరిది డబ్బా, చివరన తనది. ఉప్పాడలో ఆమె ఇంటిని మొన్నటి వానాకాలంలో సముద్రం తీసుకుపోయింది. భర్త జానకిరామ్ అంతకు ముందు ఏడాదే పోయాడు. ఇల్లు కూలిన రోజు ఆయన మళ్ళీ పోయినట్టే అనిపించింది. అప్పటినుంచి పిఠాపురంలో మరిది ఇంట్లో ఉంటూ ఉప్పాడ బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వస్తోంది. వచ్చాక వంట. "మీరుండబట్టి నాకు చెయ్యాడుతోందక్కా" అంటుంది తోడికోడలు బేబీ. ఆ మాటలో ప్రేమా ఉంది, పనీ ఉంది.

మరిది బండి వెనక కూర్చుంటే ఉప్పుగాలికి కళ్ళు మూతలుపడ్డాయి. మళ్ళీ అదే కల. నీళ్ళ అడుగున ఇల్లు అలాగే ఉంది. తీసి ఉన్న తలుపులోంచి ఉత్తరాలు చేపల్లా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. స్నేహితురాలు హేమశ్రీ చేతిరాతను దూరంనుంచే పోల్చుకుంది. చెయ్యి చాచేలోగా జిగురు వదిలి కవరు దానంతటదే తెరుచుకుంది, సిరా నీళ్ళలో కలిసిపోయింది.

జానకిరామ్ ఆమెకొచ్చిన కవరు అంచు బొటనవేలితో చింపేవాడు. "నీకూ నాకూ తేడా ఏంటే?" అని నవ్వేవాడు. చదివి, "హేమశ్రీకి బదిలీ అయ్యిందంట" అని సంగతి చెప్పేసి, అప్పుడు చేతికిచ్చేవాడు. మంచివాడే. ఆమెకు జ్వరమొస్తే తెల్లార్లూ పక్కనే కూర్చునేవాడు. కానీ తన పేరున వచ్చిన కవరును తానే విప్పిన గుర్తు ఆమెకు లేదు. ఒకసారి ఆయన పేరున వచ్చిన కవరు ఆమె పొరపాటున విప్పితే మాత్రం ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. "ఒకరి ఉత్తరం విప్పడం ఏం పద్ధతి? టీచరువి కదా" అన్నాడు.

ఉప్పాడ పోస్టుమాస్టరు సాల్మన్ గారు కుర్చీ చూపించారు. "ఈ దరఖాస్తు పాత ఊళ్ళోనే ఇవ్వాలండి టీచరుగారూ, మంచి పని చేశారు. మా పోస్టుమ్యాను పాత అడ్రసు కొట్టేసి, పక్కన కొత్తది రాసి, మళ్ళీ సంచిలో వేస్తాడు. అలా కొన్నాళ్ళే పంపుతామండి. ఈలోగా మీకు రాసేవాళ్ళకు మీరే చెప్పుకోవాలి. ఇప్పుడా ఇంటికి రావాలంటే మావాడు ఈత నేర్చుకోవాలి" అని, అన్నందుకు నొచ్చుకున్నట్టు తల దించుకున్నారు. ఆమె మాత్రం చాలా రోజుల తరవాత నవ్వింది.

చంద్రరావు దరఖాస్తు ముందుకు జరిపాడు. రామతులసి దాన్ని మడిచి అతని చేతికే ఇచ్చి, ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది. బడి వెనక తోటి టీచరు రాణిగారి మేడ మీద అద్దెకిచ్చే గది అడ్రసు నిదానంగా రాసింది.

"అదేంటి వదినా? మేమేం తక్కువ చేశాం?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు చంద్రం. సాయంత్రం వచ్చి నా పెట్టె తెచ్చుకుంటాను."

సాల్మన్ గారు కాగితం చదివారు. "మరి జానకిరామ్ గారి పేరున వచ్చేవండీ? అవీ మీకేనా?"

బయట సముద్రం హోరు వినిపిస్తోంది. ఆమె కలానికి మూత పెట్టింది.

"వద్దండి. ఆయనవి పంపినవాళ్ళకే తిప్పి పంపెయ్యండి. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పడం ఆయనకు నచ్చేది కాదు. నాకూ నచ్చేది కాదు."