కొండ మీది కంటి గది

మొగుడి మీద చెప్పుకోవడానికి ఆవిడకు పెద్ద చాడీలేమీ లేవు. తాగడు, తిట్టడు, కూరలో ఉప్పెక్కువైనా వంక పెట్టడు. తన కంటికి ఆననిదల్లా లోకం తప్పే అంటాడు, అంతే. పేపర్లో అక్షరాలు అలుక్కుపోతే సిరా నాసిరకం. ఎదురింటాయన నవ్వినా గుర్తుపట్టక మొహం తిప్పుకుని, ఆ మనిషికే పొగరంటాడు. కళ్లజోడు మాటెత్తితే, అది ముసలాళ్లకి అంటాడు.

అలాంటి మనిషి సెలవులకని భార్యనీ అక్కనీ కారెక్కించి, మలుపుకో లోయ ఉన్న దారిలో కొండెక్కించాడు. ఒకచోట లారీ వెంట్రుకవాసిలో తప్పింది. దారి వేసినవాడికి బుద్ధి లేదన్నాడు. పక్కసీట్లో ఆవిడ లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. కొండ దిగేటప్పుడు కారు తనే నడపాలని అప్పుడే తీర్మానించుకుంది. లైసెన్సు హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కన కొత్తగానే ఉంది. అడిగితే మాత్రం తాళాలివ్వడు.

కొండకొసన మూతపడ్డ ఆసుపత్రి ఉందనగానే ఆయన హుషారుగా బయల్దేరాడు. ఆసుపత్రంటే ఆయనకు పడనిది డాక్టర్లే, ఇక్కడ వాళ్లు లేరు. లోపల తుప్పు మంచాలు, గాజుపెంకులు, వార్డు నిండా పావురాలు. మూలనున్న బకెట్టును చూసి "హుష్" అన్నాడు.

"కరవదులేరా, బకెట్టే," అంది అక్క.

తలుపు మీద కన్ను బొమ్మ ఉన్న గది ముందు ఆవిడ ఆగింది. లోపలొక స్టూలు. ఎదుటి గోడ మీద, అక్షరాల అట్టను ఎవరో పీక్కుపోగా మిగిలిన తెల్లటి మచ్చ. ఆవిడ ఆ మచ్చను కాసేపు తీరిగ్గా చూసింది.

"ఏమండీ, ఇలా కూర్చోండి. ఆ అట్ట చదివేస్తే ఈ జన్మలో కళ్లజోడు మాటెత్తను. చదవలేకపోతే తాళాలు నావి."

"ఓస్, ఇంతేనా."

లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు, ముందువాళ్లు చదువుతుంటే విని బట్టీపట్టిన అక్షరాలు ఆయనకింకా కంఠతా ఉన్నాయి. "ప. గ, ర. ద, ల, న. మ, చ, త, క." ఎక్కడా తడుముకోలేదు. కింది వరుసకొచ్చేసరికి కాస్త రాగం కూడా తోడైంది.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాగా చదివారు," అంది ఆవిడ. "ఒకసారి దగ్గరికెళ్లి తడిమి చూడండి."

ఆయన వెళ్లి తడిమాడు. అరచేతికి సున్నం అంటింది.

"అంత చదివినవాడివి, అట్ట అడుగున అచ్చేసినవాడి పేరు కూడా చదవరాదట్రా," అంది అక్క.

ఆయన నవ్వబోయి మానేశాడు. సున్నం చేత్తోనే తాళాలు తీసి భార్యకందించాడు.

"పొద్దున ఆ లారీ," అన్నాడు గోడ వైపే చూస్తూ, "హారన్ కొట్టేదాకా నాకు కనబడలేదు. దారి తప్పేం లేదు. తప్పు నాదే."