సీసా మీది పేరు

త్రాసులు బాగుచేసే కాటా మేస్త్రికి చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. మనిషి ఆయుష్షు దేవుడు ముందే నిర్ణయించి ఉంటే, రాని జబ్బును పనిగట్టుకుని వెతుక్కోవడం ఆయన కాగితాల్లోకి తొంగిచూడటం కాదా? పోనీ, వెతికే బుద్ధి కూడా ఆయనే ఇచ్చాడనుకుంటే, వెతకనని మొండికేసే బుద్ధి ఎవరిచ్చినట్టు? రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి పటం ముందు కళ్ళు మూసుకోగానే ముందు ప్రార్థన, దాని వెనకాలే ఈ సందేహం వచ్చి నిలబడేవి. దేవుడు జవాబు చెప్పలేదు. మేస్త్రి కూడా మరీ గట్టిగా అడగలేదు. తీరా జవాబు వస్తే దాని ప్రకారం నడుచుకోవాల్సి వస్తుంది కదా.

అసలు సంగతేమిటంటే, ఆ సందేహం ఆయనకు బాగా అక్కరకొచ్చింది. పెద్దాసుపత్రి వాళ్ళు కొన్నేళ్ళుగా ఒక పరిశోధన చేస్తున్నారు. యాభై దాటినవాళ్ళ ఇళ్ళకు ఏడాదికోసారి ఒక చిన్న అట్టపెట్టె పంపుతారు. అందులో వేలెడంత సీసా, దాని మూతకే అంటుకుని ఒక సన్నటి పుల్ల. మలంలో ఆ పుల్ల నాలుగైదు చోట్ల గుచ్చి, సీసాలో దింపి, మూత బిగించి ఇవ్వాలి. కంటికి కనపడని రక్తం ఉంటే పరీక్షలో తేలుతుంది. పెద్దపేగులో క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకోగలమా, అలా పట్టుకుంటే ఎంతమంది బతికి బట్టకడతారు అన్నది వాళ్ళు తేల్చుకోవాలి. పెట్టె ఇచ్చేదీ, వారం తర్వాత వచ్చి పట్టుకెళ్ళేదీ ఒక నర్సమ్మ. మేస్త్రి భార్య ఆరేళ్ళుగా తన సీసా తాను శుభ్రంగా తుడిచి, కవరులో పెట్టి ఇస్తోంది. మేస్త్రి మాత్రం నర్సమ్మ సైకిలు గంట వినపడగానే దేవుడి ముందు కూర్చునేవాడు. ఆమె వెళ్ళేదాకా లేచేవాడు కాదు. వీధిలో అంత భక్తిపరుడు లేడని పేరు కూడా వచ్చింది.

సందేహం ఒక వంతు, సిగ్గు మూడు వంతులు. తన శరీరంలోంచి వచ్చినదాన్ని సీసాలో పెట్టి, దాని మీద తన పేరు రాసి, పరాయి ఆడమనిషి చేతికి ఇవ్వడం ఆయనకు ప్రాణం పోయినా చేతకాదు.

ఏడో ఏడు భార్య ఒప్పుకోలేదు. ఈసారి సీసా ఇవ్వకపోతే వంటింటి పొయ్యి వెలగదని తేల్చి చెప్పింది. ఆమె ఏదైనా రెండోసారి చెప్పే మనిషి కాదు. పెట్టె ఆయన చేతిలో పెట్టి, గురువారం పొద్దున నర్సమ్మ వస్తుందని గుర్తుచేసి వెళ్ళిపోయింది.

బుధవారం సాయంత్రం దాకా మేస్త్రి ఆ పెట్టెను జేబులో పెట్టుకుని తిరిగాడు. చివరికి మేడమీదికి వెళ్ళాడు. అక్కడ బావమరిది ఒక్కడే ఉంటాడు. బస్సు డ్రైవరు, వయసు నలభై ఏడు, సిగ్గనే సరుకు పుట్టుకతోనే తక్కువ. తన జీర్ణశక్తి గురించి బస్సులో ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకు కూడా చెబుతాడు. విషయం నీళ్ళు నములుతూ చెప్పేసరికి అతను పగలబడి నవ్వి, అంత చిన్నదానికి అంత మొహం పెట్టావేమిటని బావ వీపు మీద ఒక్కటి చరిచాడు. తెల్లారేసరికి సీసా సిద్ధమైంది. మీద మేస్త్రి పేరు, పుట్టిన తేదీ. లోపల బావమరిది సొత్తు. నర్సమ్మ దాన్ని అందుకుని, ఇన్నాళ్ళకు దారికొచ్చారు మేస్త్రిగారూ అని మెచ్చుకుంది. మేస్త్రి వినయంగా తల వంచుకున్నాడు.

పన్నెండో రోజు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సీసాలో రక్తం ఆనవాలు కనపడింది, కంగారు పడక్కర్లేదు, చాలామందికి ఏమీ ఉండదు, అయినా వచ్చే సోమవారం వచ్చి కెమెరా గొట్టం పరీక్ష చేయించుకోవాలి, అన్నారు.

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. దేవుణ్ణి తలుచుకున్నాడు, కూతురి పెళ్ళి తలుచుకున్నాడు, అంతలో ఆ సీసా ఎవరిదో తలుచుకున్నాడు. అమ్మయ్య అనుకున్నాడు. ఆ అమ్మయ్య నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే, రక్తం మరి ఎవరిదో అర్థమై, మళ్ళీ కూర్చుండిపోయాడు. అంతకుముందే కూర్చుని ఉన్నాడు కాబట్టి ఈసారి నేల మీదికి జారాడు.

భార్య ఫోను పక్కనుంచి అంతా వింది. గంటలో ఇల్లు మారిపోయింది. మేస్త్రికి గంజి, మేస్త్రికి మెత్తటి దిండు, మేస్త్రి దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పక్కింటి టైపు మాస్టారు వచ్చి, తన మేనమామకు ఇలాగే మొదలైందని చెప్పి, తర్వాత ఏమైందో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళలో భార్య ఆయన కాళ్ళు పట్టింది ఆ రాత్రే. ప్రతి నొక్కుకూ మేస్త్రి అపరాధంతో ఒక మూలుగు మూలిగాడు. ఆమె అది నొప్పి అనుకుని ఇంకాస్త గట్టిగా పట్టింది.

మర్నాడు పొద్దున బావమరిదిని డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య పట్టుకున్నాడు. విషయం చెప్పాడు. డ్రైవరు కాసేపు ఒక తడి దుప్పటిని దులిపినదే దులిపాడు. తర్వాత ఎంతో జాలిగా బావ భుజం మీద చెయ్యేశాడు.

"ధైర్యంగా ఉండు బావా. ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి. నేనున్నాను కదా."

"ఒరేయ్, అది నీదిరా."

"సీసా మీద ఎవరి పేరుంది?"

"నాదే."

"పుట్టిన తేదీ?"

"నాదే. కానీ లోపల..."

"లోపలిది ఎవరు చూశారు బావా? ఆసుపత్రి వాళ్ళు కాగితం మీద ఏముందో అదే చూస్తారు. నీకొచ్చిన జబ్బు నాకు అంటగట్టకు. నేను బండి నడిపేవాణ్ణి, నాకు రోగాలకు తీరిక లేదు."

ఇదంతా నవ్వుతూనే అన్నాడు గానీ, దుప్పటికి పెట్టాల్సిన క్లిప్పును తన చొక్కా అంచుకు పెట్టుకున్నాడు. మేస్త్రి అది చూశాడు. డ్రైవరు కూడా, ఆయన చూశాడని చూశాడు. వెంటనే ఒక ఉపాయం చెప్పాడు. సోమవారం బావే వెళ్ళి గొట్టం వేయించుకోవాలి. పేగు శుభ్రంగా ఉందని తేలుతుంది. అక్క ఏడుపు మానేస్తుంది, ఆసుపత్రి వాళ్ళు సంతోషిస్తారు, ఎవరికీ ఏమీ తెలియదు. మరి నీ సంగతేమిట్రా అని అడిగితే, నా సంగతి నేను చూసుకుంటాలే అని మెట్లు దిగిపోయాడు. వాడు తన సంగతి తాను చూసుకోవడం మేస్త్రి ఎరుగును. పంటి నొప్పి వస్తే మూడేళ్ళు రెండో వైపు నమిలిన మనిషి.

నిజం చెప్పాలంటే ఆ ఉపాయం మేస్త్రికి నచ్చింది. గొట్టం బాధ ఒక్క పూట. నిజం చెబితే భార్యతో వచ్చే బాధ ఒక్క పూటతో పోయేది కాదు. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమె. బాగా ఆలోచించి, ఉపాయం ప్రకారమే వెళ్దామని నిశ్చయించుకుని, కొట్టు తెరిచాడు.

ఆయన కొట్టు నిండా త్రాసులు, కాటాలు, తూకం రాళ్ళు. దుకాణాలవాళ్ళు ఏటా వాటిని తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. కొంతమంది తమ అరిగిన రాళ్ళు ఇంట్లో దాచి, పక్కవాడి మంచి రాళ్ళు తెచ్చి ముద్ర వేయించుకుపోతారు. మేస్త్రికి ఆ మోసమంటే ఒళ్ళు మంట. ఏ రాయి ఎవరిదో అడుగున ఉన్న గీతలను బట్టి చెప్పేస్తాడు. ఆ రోజు ఉల్లిపాయల వ్యాపారి తెచ్చినవి ఎదుటి మేకుల కొట్టువాడి రాళ్ళు. మేస్త్రి చూడగానే పోల్చాడు. అలవాటు చొప్పున నోరు తెరిచాడు. పక్కవాడిది తెచ్చి నీ పేరు మీద చూపిస్తే నీ రాయి బరువు పెరుగుతుందా అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు.

వ్యాపారి మిగతా సగం కోసం ఎదురుచూశాడు. ఏటా తినే తిట్లే, అతనికి కంఠస్థం. ఎంతకీ రాకపోయేసరికి భయపడి, ఒంట్లో బాగాలేదా మేస్త్రిగారూ అని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మేస్త్రి ఆ నీళ్ళు తాగి, రాళ్ళు తిరిగిచ్చేసి, నీవి పట్టుకురా నాయనా అని మెత్తగా చెప్పి, మధ్యాహ్నం కాకుండానే కొట్టు మూసి ఇంటికి నడిచాడు.

భార్య గంజి కలుపుతోంది. ఆయన వంటింటి గడప దగ్గరే నిలబడి, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆమె గరిట పక్కన పెట్టింది.

"అంటే ఆ రక్తం మా తమ్ముడిది."

"అవును."

"నాచేత కాళ్ళు పట్టించుకున్నది మీరు."

ఆమె గంజి గిన్నె తీసుకుని మేడమీదికి వెళ్ళింది. పైనుంచి మొదట తమ్ముడి నవ్వు వినపడింది, తర్వాత నవ్వు ఆగడం వినపడింది, తర్వాత చాలాసేపు ఆమె గొంతు ఒక్కటే వినపడింది. చివరికి డ్రైవరు గిన్నె చేత్తో పట్టుకుని దిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు తప్పు చేసినప్పుడల్లా కూర్చున్నట్టు మెట్టు మీద కూర్చుని గంజి తాగాడు. భయమేసింది బావా, అన్నాడు గిన్నెలోకి చూస్తూ. మేస్త్రి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నాకూ వేసిందిరా, అందుకే కదా నీ దగ్గరకొచ్చాను, అన్నాడు.

సోమవారం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. పరిశోధన చూసుకునే డాక్టరమ్మ జరిగింది విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎనిమిది వేల మంది వివరాలు ఏళ్ళ తరబడి కూడబెడుతున్నామని, ఇలాంటి అబద్ధాలు నాలుగు చేరితే రేపు ఎవరిని పిలవాలో, ఏ వయసు నుంచి పిలవాలో తప్పుగా తేలుతుందని, ఆ తప్పుకు ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళు బలవుతారని చెప్పింది. తిట్టలేదు, వివరించింది. దొంగ తూకం ఎంతమంది సంచుల్లోకి వెళుతుందో తెలిసిన మేస్త్రికి అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

డ్రైవరు పేరు మీద కొత్త చీటీ రాశారు. పేగు శుభ్రం కావడానికి మందు కలిపిన నీళ్ళు ఇచ్చారు. జీర్ణశక్తి గురించి ఊరంతా చాటిన మనిషి ఆ రాత్రంతా మరుగుదొడ్డిలోనే ఉన్నాడు. అక్క బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. మర్నాడు మత్తిచ్చి పరీక్ష చేశారు. గంటసేపు మేస్త్రి నడవలో నిలబడి ప్రార్థించాడు. ఈసారి వెనకాల సందేహం రాలేదు. వచ్చిందేమో, ఆయన చూసుకోలేదు.

రెండు పిలకలు దొరికాయి. పేగు లోపలి గోడ మీద పుట్టగొడుగుల్లా లేచిన చిన్న కండలు. వాటిలో ఒకటి వేలి కొసంత ఉంది, రక్తం దానిదే. రెండూ అక్కడికక్కడే తీసేశారు. వారం తర్వాత ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. అలా వదిలేస్తే కొన్నేళ్ళకు అయ్యే రకం. మూడేళ్ళకు మళ్ళీ రమ్మన్నారు. మా పిలుపు యాభై దాటినవాళ్ళకే, మామూలుగా అయితే ఈయనకు ఇంకో మూడేళ్ళ దాకా పెట్టె వచ్చేది కాదు, అని డాక్టరమ్మ కాగితం మడుస్తూ అంది. మేస్త్రి ఆ మాట పట్టుకున్నాడు. గుమ్మం బయట నర్సమ్మను ఆపి, మరి నేను చేసిన తప్పు దేవుడే చేయించాడంటారా అని ఎంతో ఆశగా అడిగాడు.

"ఆయన సంగతి నాకు తెలియదు మేస్త్రిగారూ. నాకు సీసాలు తెలుసు," అంది నర్సమ్మ. "మీది ఇంకా రాలేదు."

చంకలోంచి పొడుగాటి పుస్తకం తీసి, ఆయన పేరున్న వరుస చూపించింది. ఆరు ఖాళీ గళ్ళు. ఏడో గడిలో పెట్టిన టిక్కును ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ఆరేళ్ళవి ఎలాగూ పోయాయి గానీ ఈ ఏడాదిది నాకు బాకీ ఉన్నారు, అని కొత్త పెట్టె ఒకటి చేతిలో పెట్టింది. పక్కనే ఉన్న బావమరిది, కావాలంటే నేనిస్తాను బావా అన్నాడు. అక్క చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

గురువారం పొద్దున సైకిలు గంట వినపడినప్పుడు మేస్త్రి దేవుడి గదిలో లేడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చూపు ఎదురింటి గోడ మీద ఉంది. కవరు పట్టుకున్న చెయ్యి మాత్రం ముందుకు చాచాడు. నర్సమ్మ సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి, కవరు అందుకుని, పేరు చదివింది.

"మీదేనా?"

"నాదేనమ్మా," అన్నాడు మేస్త్రి, గోడతో. "పుల్ల ఆరు చోట్ల గుచ్చాను."

నాలుగు చాలండీ అని ఆమె కవరు సంచిలో వేసుకుని, పుస్తకం తెరిచి, ఆ వరుసలో టిక్కు పెట్టింది.