వాన పడని ఎత్తులో

ముందుగా చదివేవాళ్లకి ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టంతా తెల్లబడ్డాక, కన్నకూతురి దగ్గర. ఒత్తులు ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట పడతాయి. దీర్ఘాలు మరిచిపోతాను. రాయడం కూడా నిదానమే, ఒక వాక్యం పూర్తయ్యేలోపు స్టవ్ మీద పాలు పొంగిపోతుంటాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. చెప్పే సంగతి మాత్రం నా కళ్లతో చూసిందే.

మా ఆయన వాతావరణ కేంద్రంలో బెలూన్లకి గ్యాస్ పట్టేవారు. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. మీరు పిల్లల చేతుల్లో చూసే బెలూన్లు కావవి. నేల మీదే మనిషికంటే ఎత్తుంటాయి, పైకి వెళ్లేకొద్దీ ఉబ్బి ఇల్లంత అవుతాయి. రబ్బరు మాత్రం ఉల్లిపొర. గోరు తగిలితే చాలు, పని పాడైనట్టే. అందుకని గోళ్లు కత్తిరించుకుని, గాజులూ ఉంగరాలూ తీసి గూట్లో పెట్టి, నూలు బట్టలతో షెడ్డులోకి వెళ్లాలి. ఆ గ్యాస్‌కి నిప్పురవ్వ తగిలితే ఇక చెప్పక్కర్లేదు. బెలూన్ మూతికి ఒక బరువు కట్టి గ్యాస్ వదులుతాం. బరువు నేల మీంచి లేచిందంటే చాలినంత పట్టినట్టు. తర్వాత మూతి బిగించి, పొడుగాటి దారానికి ఒక పెట్టె వేలాడదీసి వదులుతాం. పెట్టె పైనుంచి గాలి సంగతులు పంపుతూ ఉంటుంది. బెలూన్ పగిలాక చిన్న గొడుగు సాయంతో ఎక్కడో దిగుతుంది. "ఇది ప్రమాదకరం కాదు, దయచేసి తిరిగి పంపండి" అని దాని మీద చీటీ అంటించి ఉంటుంది. నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం అదే.

ఆ కేంద్రానికి ఒక నియమం ఉంది. అదే చోటు, అదే వారం, అదే వేళ. ప్రతి బుధవారం ఉదయం, అదే షెడ్డు ముందు నుంచి. అలా ఎగరేస్తేనే ఈ ఏటి గాలిని పోయినేటి గాలితో పోల్చగలం అనేవారు మా ఆయన. జ్వరమొచ్చినా బుధవారం మానేవారు కాదు. మా అమ్మాయి ఆ మాటలు వింటూ పెరిగి, చదువుకుని, అదే కేంద్రంలో పెట్టెలు పంపే సంగతులు చదివే ఉద్యోగంలో చేరింది.

ఇక మా తమ్ముడు. వాడు రాకెట్లు ఎగరేసే చోట పనిచేసేవాడు. వాడి పని ఆకాశానికి తాళం వేయడం అని నేనంటాను, వాడికి నచ్చదు. రాకెట్ వెళ్లేరోజు వాడు మ్యాపు మీద ఒక గీత గీస్తాడు. ఆ గీత లోపల పడవలుండకూడదు, విమానాలు రాకూడదు, మా బెలూన్ అసలే లేవకూడదు. మా షెడ్డు గీత లోపలే ఉంది.

మొదట్లో రాకెట్లు ఎప్పుడో ఒకటి వెళ్లేవి. మేమంతా మేడ పైకెక్కి చూసి చప్పట్లు కొట్టేవాళ్లం. పోనుపోను అవి బస్సుల్లా వెళ్లడం మొదలుపెట్టాయి. బుధవారం వచ్చేసరికి ఆకాశానికి తాళం. అమ్మాయి దగ్గరి లెక్కల్లో వారం వారానికీ ఖాళీలు పడ్డాయి. చివరికి పెద్ద ఆఫీసు నుంచి పెద్దాయన కబురు పంపాడు: ఇన్ని ఖాళీలున్న లెక్కతో ఉపయోగం లేదు, కొత్తగా ఏమీ తేలడం లేదు, ఏడాది చివర బెలూన్ పని ఆపేద్దాం.

అమ్మాయికి ఉద్యోగం పోతుందని కాదు బాధ. ఇంకోచోట వేస్తారు. దాని బాధంతా ఆ రాకెట్ పొగ గురించి. నుసిని లెక్కపెట్టే ఖరీదైన పెట్టెలు అది ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని ఎగరేశారు. వాటిలో ఇక ఒక్కటే మిగిలింది. రాకెట్ వెళ్లిన రోజునే, ఆ పొగ చెదిరిపోకముందే, ఆ పెట్టెని పొగలోకి పంపాలని అమ్మాయి పట్టుదల. ఆ పొగలో ఏముందో ఆపేసేలోపు చూడకపోతే ఇక్కడ ఇక ఎవరూ చూడరు అనేది. దానికి ఆకాశం తెరవాల్సినవాడు స్వయానా మేనమామ.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి ఇంట్లో భోజనాలకి కూర్చున్నాం. అమ్మాయి మొదటి ముద్దకే మొదలుపెట్టింది.

"మామయ్యా, ఒక్కసారి. రాకెట్ వెళ్లిన వెంటనే నా బెలూన్ వదలనివ్వు."

"ముందు అన్నం తిను. కుదరదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"రాకెట్ వెళ్లిపోయాక ఇంకా ఎందుకు మూసిపెడతావు?"

"వెళ్లింది పైనే ఆగిపోయి ముక్కలైతే? ఆ ముక్కలు కిందికి రావడానికి సమయం పడుతుంది. అవి మీ అమ్మ నెత్తిన పడితే నువ్వు చెబుతావా సమాధానం?"

"నా నెత్తి జోలికి రాకండిరా," అన్నాను. ఎవరూ వినలేదు.

"నువ్వు తెరిచేసరికి పొగ గాలికి కొట్టుకుపోతోంది మామయ్యా. నాకేం మిగలడం లేదు."

"పొగ, పొగ! లోకంలో విమానాలు తగలేసే నూనె ముందు మా రాకెట్లది ఎంత? గిన్నెడు నీళ్లలో చుక్క."

"విమానాల పొగ వాన పడే ఎత్తులో ఉంటుంది, త్వరగానే కడుక్కుపోతుంది. మీది వాన పడని ఎత్తులో వదులుతారు. అక్కడ మసి ఏళ్ల తరబడి వేలాడుతుంది. ఎండ తాగి అక్కడి గాలిని వేడెక్కిస్తుంది. మనల్ని ఎండ కాల్చకుండా కాపాడే పొర కూడా ఆ ఎత్తులోనే ఉంది. వంటింట్లో మసి గోడకి పడితే అమ్మ తుడుస్తుంది. అక్కడ ఎవరు తుడుస్తారు, నువ్వా?"

"పైకెళ్లి పనైపోయిన ఉపగ్రహాలు చెత్తగా తిరక్కుండా కాల్చేస్తున్నాం కదా. అదీ తప్పేనా?"

"కాలిపోయింది అంటే లేకుండా పోయిందనా? ఇంత బరువున్న ఇనపముక్క కాలితే ఆ బరువంతా ఎటు పోతుంది? నుసై అక్కడే ఉంటుంది."

"ఇనుము కాదు, అల్యూమినియం."

"నీ అల్యూమినియమే!"

తమ్ముడి భార్య కూర గిన్నె చప్పుడయ్యేలా మధ్యలో పెట్టింది. "మీ ఇద్దరి రాకెట్ వేడికి ఇది మళ్లీ ఉడుకుతోంది. తింటారా, తీసేయనా?"

తమ్ముడికి నిజంగానే కోపం వచ్చింది. వాడు చెడ్డవాడు కాదు. తన గీత వల్ల ఇంతవరకూ ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదని వాడికి గర్వం, అది ఉండాల్సిందే. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "ఇంత పెద్ద లోకం ఉంటే నీకు నా గీతలోనే కావాలా బెలూన్ ఎగరేయడం? పొగ ఎటు పోతోందో నీకు తెలుసు కదా. పో, దాని వెనకే పోయి గీత అవతల ఎగరేసుకో. నన్నెందుకు పీక్కుతింటావు?"

వెక్కిరింపుకే అన్నాడు. అమ్మాయి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. షెడ్డు వదిలి బెలూన్ ఎగరేయడం అనేది మా ఇద్దరికీ ఎన్నడూ తట్టలేదు. ఇల్లు వదిలి నిద్రపోవచ్చని తట్టనట్టే. అదే చోటు, అదే వేళ అని మా ఆయన చెప్పింది అంత లోపలికి ఇంకిపోయింది.

"మామయ్యా," అంది అది మెల్లగా, "నువ్వు చాలా తెలివైనవాడివి."

"ఇప్పుడేమన్నాను నేను?" అని వాడు భార్యని అడిగాడు.

తర్వాతి రాకెట్ రోజుకి మేము ఒక లారీలో గ్యాస్ సిలిండర్లు వేసుకుని గీత అవతల, ఉప్పు ఆరబోసే మైదానంలో ఉన్నాం. ఆ నెలలో పైగాలి అటే వీస్తుందని అమ్మాయి లెక్క కట్టింది. విమానాల వాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకుంది. తీరా చూస్తే అక్కడ షెడ్డు లేదు, గోడలు లేవు. కిందిగాలికి బెలూన్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఉప్పు పనిచేసే ఆడవాళ్లు కొందరు చూడ్డానికి వస్తే, టార్పాలిన్లు ఇచ్చి చుట్టూ గోడలా పట్టుకుని నిలబడమన్నాం.

"ఇది పేలితే మాకేమైనా అవుతుందా అత్తా?" అని ఒకావిడ నన్నడిగింది.

"నిప్పు తగిలితే అవుతుంది. లేకపోతే ఏమీ కాదు."

"అయితే మా ఆయన్ని పిలుస్తానుండు. ఈ మూల ఆయన పట్టుకుంటాడు."

అందరం నవ్వాం. నవ్వితే టార్పాలిన్ జారుతుందని అమ్మాయి అందరినీ కసిరింది.

రాకెట్ లేచింది. ముందు వెలుగు కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చి గుండెలకి తగిలింది. తెల్లటి చార నిటారుగా పైకి వెళ్లి, కాసేపటికి మధ్యలో వంగి, మెలికలు తిరిగి, మా వైపు జరగడం మొదలుపెట్టింది. అమ్మాయి తలెత్తి చూస్తూ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. దించగానే నేను బెలూన్ వదిలాను. దారం విడిపోతూ, విడిపోతూ, పెట్టె నా చేతుల్లోంచి ఎవరో లాక్కున్నట్టు వెళ్లిపోయింది.

లారీ ముందు సీట్లో కంప్యూటర్ పెట్టుకుని అమ్మాయి కూర్చుంది. డ్రైవరూ నేనూ కిటికీలోంచి చూస్తున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తెర మీద నుసి లెక్క చూపే గీత లేవడం మొదలైంది.

"పొగలోకి వెళ్లిందా?" అన్నాను.

"లేదమ్మా. పొగ ఇంకా పైనుంది."

దాని గొంతులో సంతోషం లేదు. గీత కొంత లేచి అక్కడే నిలబడింది. కొంతసేపటికి ఒక్కసారిగా గోడలా పైకి లేచి, మళ్లీ దిగింది. అదే పొగ. డ్రైవర్ చప్పట్లు కొట్టాడు. కానీ దిగిన గీత సున్నాకి రాలేదు. ముందు నిలబడ్డ చోటే ఆగింది.

"నేను చేరిన కొత్తలో ఆకాశంలో ఈ ఎత్తున ఇంత నుసి లేదు," అంది అమ్మాయి. "ఇవాళ్టి రాకెట్ రాకముందే ఇక్కడ ఉంది ఇది."

సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. అమ్మాయి కంప్యూటర్ తిప్పి చూపించింది. వాడు ఆ గోడలాంటి చోట వేలు పెట్టాడు.

"ఇదేనా మాది?"

"అది నీదే. ఇక దాచుకోలేవు."

"సరే. ఇది పంపు. మీ పెద్దాయన నోరు మూతపడుతుంది. ఈ కింద నిలబడ్డ గీత ఎందుకు, వదిలెయ్. అనవసరంగా గొడవ."

"కిందిదే మామయ్యా అసలు సంగతి. పొగ కొన్నాళ్లకి చెదిరిపోతుంది. చెదిరింది ఎటు పోతోందో ఇది చూపిస్తోంది."

"అది మాదేనని ఏంటి రుజువు?"

చీర కొంగు అంచు మెలిపెట్టే అలవాటున్నవాళ్లు కొంగుని పట్టుకున్నట్టు, అమ్మాయి జడ చివర పట్టుకుని తిప్పుతూ కూర్చుంది. "లేదు," అంది చివరికి. "రాకెట్ మసో, కాలిన ఉపగ్రహాల నుసో, అగ్నిపర్వతం బూడిదో ఈ పెట్టెకి తెలియదు. లెక్కపెట్టడమే దానికి తెలుసు. ఇంకోటి కూడా ఉంది. పాత లెక్కలు షెడ్డు దగ్గరివి. ఇది ఉప్పు మైదానం దగ్గరిది. చోటు మారింది. నాన్న ఉంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టనిచ్చేవారు కాదు."

"మరి పంపితే పెద్దాయన అదే పట్టుకుంటాడు కదే," అన్నాడు తమ్ముడు. "పనికిరాదని మూసేస్తాడు. గోడ ఒక్కటి పంపితే గెలుస్తావు."

ఇన్నాళ్లూ దానితో పోట్లాడినవాడు అది గెలవాలని చూస్తున్నాడు. అమ్మాయి కూడా ఆ మార్పు గమనించింది. నా మొహం వంక చూసింది గానీ, నేను చెప్పగలిగింది ఏముంది? నాకు ఆ గీతలు ఎంత తెలుసు? అన్నం పెట్టి పిలిచాను. అది తినలేదు. మళ్లీ కంప్యూటర్ ముందుకే వెళ్లింది.

రెండూ పంపింది. గోడా పంపింది, కింది గీతా పంపింది. చోటు మారింది కాబట్టి దీన్ని పూర్తిగా నమ్మలేమని కూడా తనే రాసి పంపింది. తమ్ముడు విని తల కొట్టుకున్నాడు. "మా అక్క కూతురు ఉద్యోగం మానేసినా పద్ధతి ప్రకారమే మానేస్తుంది" అని వాడి భార్యతో అన్నాడట.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ బిగ్గరగా మాట్లాడలేదు. వచ్చిన జవాబు పొగడ్తేమీ కాదు. చోటు మారడం పెద్ద లోపమే అన్నాడు పెద్దాయన. కానీ లోపం ఉందని తెలిశాక అలా వదిలేయలేం కదా అన్నాడు. షెడ్డు దగ్గరా, ఉప్పు మైదానం దగ్గరా ఒకే రోజు ఎగరేసి చూస్తేనే ఏది చోటు వల్లో, ఏది గాలి వల్లో తేలుతుంది. కొత్త పెట్టెలు పంపుతున్నాం, ఆపేయడం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఏమీ తేలడం లేదని మూసేద్దామన్న మనిషి, తేలాల్సింది ఉందని తెలిశాక మూయలేకపోయాడు.

అమ్మాయి మామయ్యకి ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. "అయితే నీకు ఇప్పుడు షెడ్డు దగ్గర కూడా ఆకాశం కావాలంటావు," అన్నాడు వాడు. "రాకెట్ లేని రోజు చూసి చెబుతాను. రాకెట్ ఉన్న రోజు మాత్రం అడక్కు."

"అడుగుతాను."

"అడుగు. కుదరదంటాను."

అది ఇప్పటికీ అడుగుతూనే ఉంది, ఇప్పుడు వాడి చోట కూర్చున్నవాళ్లని. వాడు పదవీ విరమణ చేసేదాకా కుదరదనే అన్నాడు. మ్యాపు మీది తన గీత మాత్రం ఒక్కసారి కూడా చెరపలేదు. నా చేతులు వణకడం మొదలయ్యాక గ్యాస్ పని ఒక పిల్లకి అప్పగించాను. గోళ్లు కత్తిరించుకోవడం దానికి అలవాటు చేయడానికే ఎక్కువ కాలం పట్టింది. అమ్మాయి ఇప్పుడు సగం వారం లారీలోనే ఉంటోంది. ఆ నుసి దేనిదో ఇంకా పూర్తిగా తేలలేదు. కింది గీత రెండు చోట్లా కనిపిస్తోందని మాత్రం చెప్పింది.

రాకెట్ వెళ్లే రోజున తమ్ముడూ నేనూ మేడ మీద కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. ఇదివరకు రాకెట్ కంటికి ఆనకుండా పోగానే "అయిపోయింది, పద" అని లేచేవాడు. ఇప్పుడు లేవడు. చార వంగి, పలచబడి, ఆకాశంలో కలిసిపోయేదాకా చూస్తూ ఉంటాడు. కనిపించకుండా పోయాక కూడా ఇంకాసేపు అక్కడే చూస్తాడు. నేను కిందికి రమ్మని పిలవను.

ఇట్లు,
అందరూ బెలూనమ్మ అని పిలిచే మనిషిని. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది తమ్ముడి ఇంట్లో, మేడ మెట్ల పక్క గదిలో.