అర్ధమొగుడు

దీపస్తంభం పైగది అద్దాల మీద రాత్రి గాలి పూసిన ఉప్పును వదిన తుడుస్తోంది. ముందు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. ఆలస్యమైతే చారలు పడతాయి. దీవిలో అందరికీ ఆమె వదినే. ఆ పిలుపు అంటించింది మాత్రం కింద మెట్లు ఊడుస్తున్న అసలైన ఆడపడుచు.

దీపం చూసే ఉద్యోగం వదిన భర్తది. అతను పోయాడు, ఆ తర్వాత దీపం తనంతట తాను వెలగడం నేర్చింది. ఊడ్పులూ తుడుపులూ, చూడవచ్చినవాళ్లకు దారి చూపడమూ ఈ ఇద్దరాడవాళ్లకూ మిగిలాయి. ఒకే వంటగది, రోజూ ఒకే గొడవ: కూరలో ఉప్పెక్కువైందని ఒకరు, అసలు వేయనేలేదని ఇంకొకరు.

వారం రోజులుగా ఆ గొడవా లేదు. యాభై దాటిన ఆడపడుచు, భార్య పోయిన పడవ సరంగును పెళ్లాడతానంది. "నీ ఇష్టం" అంది వదిన. ఆపైన నోరు విప్పలేదు. ఈ సాయంత్రం పడవలోనే ఆడపడుచు అవతలి ఒడ్డుకు వెళ్లిపోతుంది.

పడవ కూత వేసింది. వదిన చేతులు కొంగుకు తుడుచుకుని రేవుకు దిగి, వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని గట్టు దారి పట్టింది. ఒకపక్క నిట్టనిలువు నల్లరాళ్లు. కింద గుహలోకి దూరిన అల బయటికొచ్చే దారి దొరకక, రాతి పగుల్లోంచి పైకి చిమ్ముతుంది.

"గాలిని నమ్మకండి, రాయిని పట్టుకోండి" అందామె, రోజూ అనేట్టే.

"ఇక్కడ ఒంటరిగా అనిపించదా అండీ?" అనడిగింది ఒకావిడ.

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మా ఆడపడుచుండగా ఒంటరితనమెక్కడిదమ్మా, చెవులకు తెరిపే లేదు" అనేది వదిన. అందరూ నవ్వేవారు. ఇవాళ మాత్రం ముందున్న నాచురాయిని చేత్తో చూపించింది.

"ఇక్కడ జారుతుంది, చూసి నడవండి" అంది.

సాయంత్రం రేవులో సరంగు ఆడపడుచు పెట్టెను పడవలోకి ఎక్కించాడు. వదిన కళ్లలోకి చూడలేక తాడు ముడి విప్పి, మళ్లీ వేసి, మళ్లీ విప్పాడు.

"ఆ చెప్పులు అరిగిపోయాయే. కొత్తవి కొనుక్కో" అంది వదిన.

"వారానికి నోరు తెరిచి చెప్పుల ముచ్చటా!" అని ఆడపడుచు ఆమె మొహంలోకి చూసింది. "ఏంటొదినా ఇది? అన్నయ్య పోయిననాడు కూడా నువ్వు ఏడవలేదు."

"ఆనాడు దీపం వెలిగించాలి. ఏడవడానికి తీరికేదీ?" వదిన ముక్కు చీదింది. "ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? ఇవాళ్టితో ఆ సగమూ పోతోంది."

ఆడపడుచు నవ్వబోయి బావురుమంది. వదిన ఆమెను దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. తర్వాత సరంగు వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఇది లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటుంది. నువ్వు వినకపోయినా ఫర్వాలేదు, ఊఁ కొడుతూ ఉండు."

"ఊఁ" అన్నాడు సరంగు.

పడవ నల్లరాళ్లు దాటి మలుపు తిరిగేదాకా వదిన నిలబడింది. ఆపైన గట్టెక్కి ఇంటికొచ్చి, తలుపు తోసి, అలవాటు కొద్దీ "ఏమే" అని పిలిచింది. పిలిచాక అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

కిటికీ అంచున ఆడపడుచు మరిచిపోయిన దువ్వెన ఉంది. దాని పళ్లలో చిక్కుకున్న పొడవాటి తెల్లవెంట్రుక ఒకటి గాలికి అటూ ఇటూ ఆడుతోంది.